పోలయ్య పడవలో రాజసభ

పిల్లలూ, ఈ కథ మీకింతవరకూ ఎవరూ చెప్పలేదు. అందుకే మొదటినుంచీ చెబుతాను, మధ్యలో లేవకండి.

ఏటికి ఇవతల కోట, అవతల పల్లెలు ఉన్న ఒక రాజ్యంలో మహీధరవర్మ అనే రాజు ఉండేవాడు. జాలిగుండె కలవాడే, కానీ తన జాలిని తానే తెగ మెచ్చుకునేవాడు. పేదలు ఏరు దాటడానికి ఇబ్బంది పడకూడదని, "ఏరు దాటించే కూలి, అంటే కేవు, ఒక్క గవ్వ. మించి తీసుకుంటే కొరడా దెబ్బలు" అని చాటింపు వేయించాడు.

రెండేళ్లకి, రేవులో ఉన్న ఆ ఒక్క పడవా కారడం మొదలుపెట్టింది. ఏటేటా వానలకు ముందు పడవను గట్టుకి లాగి, చెక్కల సందుల్లో నార కూరి, గుగ్గిలం కాచి పూయాలి. సరంగు పోలయ్య రెండేళ్లుగా ఆ పని చేయలేదు.

దానిమీద సభలో చర్చ మొదలై మూడు నెలలైంది.

"కేవు మీద కట్టడి ఎత్తేయండి. లాభముంటే పది పడవలొస్తాయి" అంటాడు వర్తకుడు నాగిశెట్టి.

"మరి లేనివాడి గతి? రేవులో అన్నసత్రం పెట్టిద్దాం. ఏరు తగ్గేదాకా తిని కూర్చుంటారు" అంటాడు ధర్మాధికారి సోమయాజి.

"పడవ మీద ఒక అధికారి, అతని మీద ఇంకో అధికారి ఉండాలి" అంటాడు మంత్రి.

రాజు ముగ్గురికీ తలూపి, "రేపు తేలుద్దాం" అంటాడు.

ఆస్థాన విదూషకుడు కొండుభట్టుకి ఇది విని విని తల వాచిపోయింది. అతని కూతురు కామాక్షి అవతలి ఒడ్డున అత్తవారింట్లో నెలలు నిండి ఉంది. మంత్రసాని మల్లమ్మేమో ఇవతల.

"ఆ చిల్లుల పడవెక్కితే పురుడు పోయడం కాదు, నాకే దినం పెట్టాల్సొస్తుంది. నే రాను బాబూ" అనేసిందామె.

మర్నాడు కొండుభట్టు సభలో లేచాడు. "ప్రభూ, తమరు పడవలోనే కూర్చుని విచారిస్తే ఇట్టే తేలిపోతుంది."

"మునగదూ?" అన్నాడు నాగిశెట్టి.

"మేమెక్కిన పడవ మునుగుతుందా? దానికంత ధైర్యమా!" అన్నాడు రాజు.

పెద్దలు ముగ్గురూ పంచెలు ఎగ్గట్టుకుని రాజు వెనకాలే ఎక్కారు. కాస్త దూరం పోయేసరికి నీళ్లు రాజుగారి పట్టుపంచె అంచు తడిపాయి. పడవలో నీళ్లు తోడే చేద ఒక్కటే ఉంది. కొండుభట్టు దాన్ని ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు.

"తోడవయ్యా!"

"తొందరపడితే ఎలా ప్రభూ? నాగిశెట్టిగారూ, లాభం చూసుకుని చేదలమ్మేవాడు ఇటువైపు ఎప్పుడొస్తాడంటారు? సోమయాజిగారూ, మునిగేదాకా తినడానికి పులిహోర ఏమైనా తెచ్చారా? మంత్రిగారూ, తోడేవాడి మీద అధికారిగా ఎవరిని వేద్దాం?"

"నీ చర్చ తగలెయ్య! ముందు నీళ్లు తోడు!"

"మూడు నెలలుగా పోలయ్య మొత్తుకుంటున్నదీ పడవ సంగతి చూడమనే ప్రభూ. వాణ్ణి ఒక్కసారి అడగండి."

రాజు పడవ అంచు పట్టుకుని అరిచాడు. "ఏరా, గుగ్గిలం ఎందుకు పూయలేదు?"

"గుగ్గిలం చెట్లు తమ అడవిలో ఉన్నాయి దొరా, అడుగుపెడితే కావలివాళ్లు కొడతారు. సంతలో కొందామంటే గవ్వల కేవుతో గోరంత కూడా రాదు. రేపు సత్రం పెట్టినా అన్నం పెడతారు గాని గుగ్గిలం పెట్టరు."

అంతలోనే పడవ మునిగింది. రాజు కళ్లు మూసుకుని "నారాయణా!" అని కేక పెట్టాడు. తెరిచి చూసుకుంటే మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు! ఒడ్డుకు నడిచి వెళ్లగలిగే ఇసుక మేట మీదికి పడవను తోలమని కొండుభట్టు పోలయ్యకు ముందే చెప్పి ఉంచాడు.

మంత్రి తలపాగా ఏటివాలున పోతుంటే చూసి రాజు పగలబడి నవ్వాడు.

"సరేనయ్యా. గుగ్గిలానికి అడవి తెరుస్తాం. కేవెంతో పోలయ్యా ఎక్కేవాళ్లూ మాట్లాడుకుంటారు. ఇచ్చుకోలేనివాళ్లది మా దానశాల ఇస్తుంది. చాలా?"

"రేపు మళ్లీ చర్చ పెట్టకపోతే చాలు ప్రభూ."

రాజు ఇంకా నవ్వుతూనే బంగారు కడియం తీసి కొండుభట్టు చేతికి తొడిగాడు.

పడవను గట్టుకి లాగి పూసిన గుగ్గిలం నాలుగో రోజుకి ఆరింది. మల్లమ్మ అడుగడుక్కీ కాళ్లకింద తడిమి చూసుకుంటూనే పడవెక్కింది. ఆ సాయంత్రమే కామాక్షికి ఆడపిల్ల పుట్టింది.

పిల్లలూ, దీన్ని మీ తర్వాతివాళ్లకి మీరే చెప్పాలి. చెప్పేటప్పుడు రాజుని మరీ వెర్రివాణ్ణి చేయకండి. అతను కోరింది మంచే. అడగాల్సినవాణ్ణి అడగలేదంతే.