తిరిగివ్వని తాటాకు

అనగా అనగా, మన ముత్తాతలకి ముత్తాతలున్న కాలంలో, ఒక ఏరు, ఆ ఏటికి ఎగువన ఒక కొండ ఉండేవంట. కొండమీద ఒక పెద్ద బడి. ఏటి ఒడ్డున ఇంకో పెద్ద బడి. రెంట్లో ఏది గొప్పదంటే రాజుగారు కూడా చెప్పలేక తల గోక్కునేవోరంట.

ఆ బళ్ళల్లో ఒక పద్ధతుండేది పిల్లలూ, అది బాగా వినండి. ఏడాదికి పన్నెండు చాపలే పరుస్తారు. చాపకి ఒక్కరే. ఎవర్ని తీసుకుంటారో ఆళ్ళింటికి ముద్రేసిన తాటాకు పంపుతారు. వద్దనుకున్నోళ్ళు పున్నమి నాడు పొద్దుగుంకేలోగా ఆ ఆకు తిరిగిచ్చెయ్యాలి. ఇస్తే, వరసలో పదమూడోవాళ్ళని పిలుస్తారు. ఇవ్వకపోతే ఆ చాప చుట్టేసి మూల నిలబెడతారు. ఇంక ఏడాది పొడుగునా దానిమీద ఎవరూ కూచోరు.

ఒక ఊళ్ళో గానుగాడించే వాళ్ళ అబ్బాయి సోమన్న. పడవ నడిపే పెంటయ్య కూతురు నూకాలు. ఇద్దరూ ఒక పంతులు దగ్గరే, ఒక అరుగుమీదే అక్షరాలు దిద్దుకున్నారు.

సోమన్నకి రెండు బళ్ళనుంచీ ఆకులొచ్చేయి. నూకాలుకి ఏటి బడి వరసలో పదమూడో చోటు వచ్చింది. పదహారేళ్ళు దాటితే ఆ బడిలో తీసుకోరు. దానికి పదహారూ నిండిపోతున్నాయి. ఈ ఏడు పోతే ఇంక లేనట్టే.

నూకాలు వచ్చి, నీకేది కావాలో తేల్చుకున్నావా సోమన్నా అనడిగింది. రేపు చెప్తానన్నాడు. ఆ మాటలో కుళ్ళేమీ లేదు. నిజంగానే తెలీలేదు పాపం.

సోమన్న ముందు శెట్టిగారి దగ్గరికి పోయేడు. కొండ బడిలో చదివితే మంత్రులవుతారు, అక్కడికే పో అన్నాడు శెట్టిగారు. ఆయనకి మంత్రులతో పనుంటాది మరి. తరవాత ఆచారిగారిని అడిగితే, ఏటి బడిలో చదివినోడే పండితుడు, మిగతావోళ్ళు పండితులా అన్నాడు. ఆయన తమ్ముడు అక్కడే పాఠం చెప్తన్నాడంట.

ఇంటికాడ సోమన్న తల్లి ఆ రెండాకులకీ పసుపు రాసి గూట్లో పక్కపక్కన పెట్టింది. ఊళ్ళో ఆడోళ్ళు చూడ్డానికి వచ్చేవోరు. ఒకటి తీసేస్తే గూడు బోసిపోద్దిరా, ఇంకో నాలుగు రోజులుండనీ అనేది తల్లి.

నూకాలు రెండోసారి వచ్చింది. లోపలికి రాలేదు, గుమ్మం బయటే నిలబడింది. సోమన్నకి విసుగొచ్చింది.

"నా ఆకు మీద నీ కన్నెందుకే?" అన్నాడు.

అనేసి నాలిక కరుచుకున్నాడు గానీ, అన్నమాట వెనక్కి రాదు కదా. ఆ పిల్ల అప్పటికే మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం సోమన్న దిగులుగా గానుగ దగ్గర కూచున్నాడు. గానుగెద్దు తిరగడం ఆపి అడిగింది, ఏమయింది నాయనా అని. ఆ రోజుల్లో ఎద్దులు మాటాడేవి. సోమన్న తన కష్టం చెప్పుకున్నాడు.

"ఇటు తిరిగినా అటు తిరిగినా నువ్వుల్లోంచి నూనే వస్తది," అంది ఎద్దు. "నువ్వుల్లో నూనుండాలి గానీ, గానుగదేముంది? ఒక ఆకు ఇచ్చెయ్యి."

సోమన్న నవ్వేడు. "కళ్ళకి గంతలు కట్టుకున్నదానివి, నీకేం కనపడతాది?"

"నాకు మీరు కట్టేరు," అంది ఎద్దు. "నీకెవరు కట్టేరు నాయనా?"

మూడోసారి నూకాలు రాలేదు.

సోమన్న చివరికి కొండ బడికే పోదామనుకున్నాడు. మూట కడతా ఉంటే తల్లి ఏటి బడి ఆకు కూడా అందులో పెట్టింది. కొండగాలి పడకపోతే పనికొస్తది అంది. సోమన్న వద్దనలేదు. నాలుగు రోజులు చూసి ఇచ్చేద్దాంలే అనుకున్నాడు.

నాలుగు రోజులకి కొండగాలి పడింది. అన్నం పడింది. అప్పుడు గుర్తొచ్చింది ఆకు. పట్టుకుని దిగేడు. దిగేసరికి పున్నమి వెళ్ళిన మర్నాడయింది.

ఏటి బడిలో పదకొండుమంది పిల్లలు వల్లెవేస్తన్నారు. మూలన ఒక చాప చుట్టి నిలబెట్టి ఉంది. సోమన్న గురువుగారి కాళ్ళమీద పడి, ఆకు తీసుకుని నూకాలుని పిలవండని బతిమాలేడు.

గురువుగారు ఆకు ముట్టుకోలేదు.

"నిన్న పొద్దుగుంకేదాకా ఆ పిల్ల ఈ గుమ్మంలోనే కూచుంది నాయనా," అన్నారాయన. "ఆకేదైనా తిరిగొచ్చిందా అని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ నేనే లేదని చెప్పేను."

చచ్చిపోయినోళ్ళకైతే పదిమంది వచ్చి ఏడుస్తారు పిల్లలూ. ఇలా చెయ్యిజారిపోయినదానికి ఎవరూ రారు. పొయ్యిలో నిప్పు కూడా ఆరదు. ఆ పూట కూడా పెంటయ్య ఇంట్లో కూడు ఉడికింది.

సోమన్న రేవుకి పరిగెత్తేడు. నూకాలు పడవలో చేరిన నీళ్ళు చిప్పతో తోడి పోస్తంది. అయ్యకి చేతులు వణుకుతున్నాయని పడవ నడిపే పని కూడా ఆ పిల్లే చూసుకుంటంది.

సోమన్న ఏడుస్తా, నా కొండ బడి చాప నువ్వు తీసుకో, నేను గానుగ దగ్గరుండిపోతానన్నాడు.

నూకాలు చిప్ప పక్కన పెట్టింది.

"కొండ బడి వరసలో నాకంటే ముందు ముగ్గురున్నారు సోమన్నా," అంది. "ఆళ్ళ చాప మీద నన్నెలా కూచోమంటావు?"

అంత దుఃఖంలోనూ ఆ పిల్ల తనది కానిది తీసుకోలేదు. అవతలి ఒడ్డునుంచి ఎవరో పడవ కోసం కేకేస్తే, తాడు విప్పి వెళ్ళిపోయింది.

సోమన్న కొండ బడికే తిరిగెళ్ళి, చదువుకుని పెద్ద పండితుడయ్యేడు. రాజుగారు శాలువా కప్పేరు. ఎన్ని కప్పినా, ఏరు దాటాల్సొచ్చిన ప్రతిసారీ రెండు కోసులు నడిచి దిగువ రేవులో దాటేవాడంట. నూకాలు పడవ మాత్రం ఎక్కలేకపోయేడు. నూకాలు ముసలిదయ్యేదాకా తెడ్డు వేసి, ఎవరి నోటా మాట పడకుండా కన్నుమూసింది.

కాబట్టి పిల్లలూ, ఒక్క కడుపుకి రెండు విస్తళ్ళు పట్టుకుని కూచుంటే, పంక్తి చివరున్నవాళ్ళు ఆకు లేక పస్తుతో లేచిపోతారు.