వంతెన దండోరా

ఎన్నేళ్ళుగానో దండోరా వేస్తున్న దాలయ్యకు ఆ రోజు డప్పు కొడుతుంటే చేతులు వణికాయి.

ఏటా ఏరు దాటి రాజదర్శనానికి బయల్దేరే ముందు, పరగణా అధికారి భుజంగరాయుడు తాను చేయించిన పనులన్నీ ఊళ్ళో చాటించేవాడు. ఈసారి "ఏటి మీద వంతెన పూర్తయింది!" అని చాటమన్నాడు. ఏట్లో చూస్తే నాలుగు రాళ్ళు తప్ప ఏమీ లేవు. కానీ నిరుడు పక్క ఊళ్ళో మాట మార్చి చాటినవాడికి కొరడా దెబ్బలు పడ్డాయి. అందుకే దాలయ్య ఒక్క అక్షరం పొల్లుపోకుండా చాటి, తిన్నగా పడవ నడిపే బావమరిది ఇంటికి పోయాడు.

మర్నాడు అధికారి పట్టుశాలువా కప్పుకుని రేవుకు వచ్చాడు. సాగనంపడానికి ఊరంతా వచ్చింది. ఏరు నిండుగా పారుతోంది. పడవ మాత్రం గట్టు మీద బోర్లించి ఉంది.

"ఎవడ్రా ఈ పని చేసింది?"

దాలయ్య ముందుకు వచ్చి దణ్ణం పెట్టాడు.

"నేనే చేయించాను దొరా. వంతెన పూర్తయిందని తమరు చాటించాక కూడా పడవ నడిపితే, తమరి మాట అబద్ధమన్నట్టే కదా? కొరడాకు భయపడి గట్టెక్కించేశాం."

"నోర్ముయ్! దింపండి పడవ!"

ఎవరూ కదల్లేదు. దాలయ్య వణికే చేతులతోనే డప్పు భుజానికి తగిలించుకున్నాడు.

"అలాగే దొరా. మరి వంతెన లేదని ముందు చాటి రమ్మంటారా?"

భుజంగరాయుడు ఏటి వైపు చూశాడు, జనం వైపు చూశాడు. శాలువా తీసి చంకన పెట్టుకున్నాడు.

"రాజదర్శనానికి వచ్చే ఏడు పోదాం. ముందు తాపీవాళ్ళను పిలవండి."

అప్పుడు గానీ దాలయ్య చేతుల వణుకు ఆగలేదు.