నీలం పెన్ను గుర్తు

చిన్న కథే, టీ చల్లారేలోగా అయిపోతుంది. కాకపోతే ముందు ఎస్తేరు సిస్టర్ గురించి చెప్పాలి. రేవుపేట ఆసుపత్రి స్కానింగ్ గదిలో ఎవరి కడుపులో ఏముందో తెర కంటే ముందు ఆవిడే చెప్పేది. పెద్ద డాక్టరు యోహాను గారి చెప్పులకు పడిన కుట్లు, ఆయన రోగులకు వేసిన కుట్లకన్నా ఎక్కువ. ఇప్పటికీ ఆ రోజులు తలుచుకుంటే వకుళకు ముందు ఆ చెప్పుల చప్పుడే వినిపిస్తుంది.

అప్పుడామె కొత్త డాక్టరు. చెయ్యి వణకదు. ఆ సంగతి ఎవరూ అడక్కుండానే చెప్పేది. మూత్రం అడ్డుపడి ఉబ్బిన కిడ్నీలోకి వీపు వైపు నుంచి సూది దింపి గొట్టం వెయ్యడం ఆమె పని. సూదిలోంచి నీరు వస్తే చాలు, గురి కుదిరినట్టే అనుకునేది. యోహాను గారు మాత్రం ప్రతిసారీ సన్నటి బుడగలున్న పాలలాంటి మందు ఒక చుక్క అందులోంచి పంపి, అది ఎటు పోతుందో తెర మీద చూసేదాకా కదిలేవారు కాదు. పెద్దాయనకు బుడగలాట సరదా అని వకుళ ఎస్తేరుతో అంది. ఎస్తేరుతో అంటే ఊరితో అన్నట్టే.

ఒక మధ్యాహ్నం మస్తానమ్మను తెచ్చారు. ఆమెకు ఉన్నది ఒక్క కిడ్నీ. రాయి అడ్డం పడి, లోపల చీము పట్టి, ఒళ్లు కాలిపోతోంది. సాయంత్రంలోగా ఆ చీము బయటికి రాకపోతే మనిషి దక్కదు. యోహాను గారు స్కాన్ చేసి, ఎప్పటిలాగే వీపు మీద నీలం పెన్నుతో గుర్తు పెట్టి, పక్కన కూర్చున్నారు. వకుళ అక్కడే సూది దింపింది. తెర మీద కనిపించిన నల్లటి మడుగులోకి అది సూటిగా వెళ్లింది. తేట నీళ్లు వచ్చాయి.

"అయిపోయింది సార్."

ఆయన బుడగల సిరంజి అందించారు. ఆమె ఎక్కించింది. తెర మీద ఏదో మెరిసింది. బాగా కనపడాలని మెషిన్ పవర్ పెంచింది. ఆ మెరుపూ పోయింది.

యోహాను గారు లేచి వచ్చి బొత్తాం వెనక్కి తిప్పారు. తెర దాదాపు చీకటైపోయింది.

"జోరు ఎక్కువైతే బుడగలు పగిలిపోతాయమ్మా. ఇంకో చుక్క పంపు."

ఈసారి తెల్లగా వెలిగింది. గుండ్రంగా, కదలకుండా. అది కిడ్నీ పక్కనున్న నీటితిత్తి. చీమున్న చోటు ఇంకా వేలెడు లోపల.

వకుళ సూది బయటికి తీసి పక్కకు జరిగింది. ఆయనే అందుకుంటారనుకుంది. ఆయన కొత్త సూది ఆమె చేతికే ఇచ్చారు.

రెండోసారి చిక్కగా చీము వచ్చింది. చుక్క పంపితే తెల్లటి వెలుగు కిడ్నీ కొమ్మల్లోకి పాకి, కిందికి జారి, రాయి దగ్గర ఆగింది. అప్పుడు గొట్టం వేసింది.

చేతులు కడుక్కుంటూ ఆమె తల ఎత్తలేదు.

"నా చేతి మీద నమ్మకం లేకే కదా సార్, ప్రతిసారీ చూస్తారు."

యోహాను గారు జేబులోంచి నీలం పెన్ను తీసి ఆమె ముందు పెట్టారు.

"గుర్తు పెట్టింది నేనమ్మా."

కొన్నాళ్లకు మస్తానమ్మ నడిచి ఇంటికి వెళ్లింది. పెద్ద డాక్టరుకు పని రాదనీ, ఊరికే బొత్తాం తిప్పాడనీ, చేసిందంతా ఆ అమ్మాయేననీ పేటంతా చెప్పింది. ఎవరో వచ్చి అడిగితే యోహాను గారు అవునన్నారు.