మసిబొమ్మల తల్లికి కుడికన్ను పెద్దదెందుకైంది

దేవరమెట్ట దిగువన వెలసిన మసిబొమ్మల తల్లిని తొలిసారి దర్శించే భక్తులు కాస్త కంగారుపడడం మామూలే. అమ్మవారి కుడికన్ను చెంపదాకా సాగి ఉంటుంది, ఎడమకన్ను చింతగింజంత. ముక్కుపుడక బుగ్గ మీదికి వలస పోయింది. శిల్పి చేతకానివాడని ఎవరూ అపోహ పడవద్దు. ఇక్కడ శిల్పి పని చేయనే లేదు.

పూర్వం ఇక్కడ అమ్మవారు ముఖం లేని నున్నటి రాయిగా ఉండేది. ఊళ్లో నూకాలు అనే చిన్నపిల్ల ఉండేది. ఆమె అమ్మమ్మ సన్నాసమ్మ మధ్యాహ్నం పూట చింతపండులో గింజలు తీస్తూ కథ చెప్పేది. సరిగ్గా రాకుమారుడు నూతిలో పడేసరికి గురక పెట్టేది. నూకాలుకు ప్రాణం కొట్టుకుపోయేది. పొయ్యిలోని బొగ్గు తెచ్చి మిగతా కథ గోడ మీద గీసుకునేది. తమ గోడ నిండాక పొరుగువారి గోడ, అదీ నిండాక పూజారి దాలినాయుడి గోడ. కొత్త సున్నం మీద రాకుమారుడు ఏనుగు తొండం పట్టుకుని నూతిలోంచి పైకి రావడం చూసి దాలినాయుడు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. ఇంకొక్క గీత గీస్తే ఈ పిల్ల జన్మలో బొగ్గు ముట్టకూడదని పెద్దలు తీర్మానించారు. అన్నం మానమన్నా నూకాలుకు అంత దుఃఖం కలిగేది కాదు.

జాతరనాడు సన్నాసమ్మ గుడి అరుగు మీద కొత్త కథ ఎత్తుకుంది. "అప్పుడు అమ్మోరు కళ్లు తెరిసి సూసింది..." అని అక్కడే కునుకు తీసింది. ఏం చూసింది? అసలు కళ్లేవి? నూకాలు ఆగలేకపోయింది. చల్లారిన ధూపంలోంచి బొగ్గు తీసి కుడికన్ను తీరిగ్గా గీసింది. ఇంతలో పూజారి దగ్గు వినబడింది. ఎడమకన్ను గబగబా ముగించింది. ముక్కుపుడక పెడుతుండగా దాలినాయుడు జబ్బ పట్టి లాగాడు.

"అయిపోనాది! ఇంక బొగ్గు ఊసెత్తితే ఒప్పుకోం!" అని కేకలేసి, అతడు చింతపండు పెట్టి రాయిని తోమాడు. రాయి తళతళలాడింది గాని గీత చెరగలేదు. అలసి, రెండు దొప్పల ప్రసాదం తిని అక్కడే ఒరిగాడు. కలలో అమ్మవారు కళ్లు నులుముకుంటూ కనబడింది.

"ఒరే దాలినాయుడా! ఇన్నాళ్లకి నాకు కళ్లొచ్చినాయి. సింతపండెట్టి తోముతావేటిరా, మండిపోతన్నాయి! ఆ గుంట సేతికి బొగ్గియ్యి. నానేటి సూసినానో కథ పూర్తి సెయ్యమను."

పూజారి ఉలిక్కిపడి లేచి, ఊరంతా వింటుండగా అడిగాడు. "నూకాలమ్మా, అమ్మోరు ఏటి సూసిందే?"

"నోటితో సెప్పడం నాకు రాదు తాతా. గోడియ్యి."

గుడి వెనకగోడ ఇచ్చారు. అమ్మవారు చూసిన ఊరినంతా, నోరు తెరిచి నిద్రపోతున్న పూజారితో సహా, నూకాలు గీసింది. ఏ బొమ్మ ఎవరిదని జనం కొట్టుకోబోతే, కింద పేర్లు రాయడానికే అక్షరాలు నేర్చుకుంది. పేర్ల తర్వాత మాటలు వచ్చాయి, వాటి వెనకే కథలు. పళ్లూడినా ఆమె బొగ్గు వదలలేదు.

నేటికీ జాతరనాడు ఆ గోడకు సున్నం వేసి పిల్లలకు అప్పగిస్తారు. ఇంటిపెద్ద కథ ఎత్తుకుని నడిమధ్యలో ఆపాలి, పిల్లలు మిగతాది గీయాలి, ఆ తర్వాతే పలక పట్టాలి. "ఇది కుక్కా, గుర్రమా?" అని అడిగిన తల్లిదండ్రులు అమ్మవారి ఎదుట గుంజీళ్లు తీయాలి. ఈ గోడ మీద గీసిన చేతికి కథ కరువుండదని తల్లి వరం.

గోడ మూల జానెడు చోటుకు మాత్రం సున్నం వేయరు. నూకాలు ఆనాడు గీసిన సన్నాసమ్మ అక్కడే ఉంది, ఒళ్లో చింతపండు పెట్టుకుని, తల వాల్చి గురకపెడుతూ. దీపం దగ్గరగా పట్టి చూడండి. ముసలమ్మ ఒక కన్ను తెరిచి మనవరాలినే చూస్తోంది.