పేరు లేని పాట

మసకదోన అడవిలో పొగమంచు ఎక్కువ. జింకలు, కుందేళ్ళు, ఎలుగుబంట్లు, అడవిపందులు, రకరకాల పిట్టలు అక్కడ కాపురముండేవి. అడవి నడుమ రాతిలో లోతైన దోన ఒకటి ఉండేది. అందరూ నీళ్ళు తాగేది అక్కడే. చనిపోయినవాళ్ళు కూడా ఒక్కోసారి అక్కడికే వచ్చేవారు.

అప్పుడే భయపడకండి. ముందు వినండి.

ఆ అడవిలో ఎవరైనా చనిపోతే పొద్దుగూకేలోపు పాట పాడి సాగనంపాలి. పాట మనసుకు అందకపోతే ఆ ప్రాణం వాగు దాటి అవతలి కొండకు పోలేదు. ఇక్కడిక్కడే తిరుగుతుంది. తనకోసం పాడినవాళ్ళకు తప్ప ఇంకెవరి కంటికీ కనిపించదు. దోన నీళ్ళలో ఎవరో మూతి పెట్టినట్టు వలయాలు లేస్తాయి. ఒడ్డున తడి అడుగులు పడతాయి. అంతే.

ఆ పాట పాడేది అంకాలవ్వ అనే ముసలి జెముడుకాకి. నల్లటి ఒళ్ళు, ఇటుక రంగు రెక్కలు, ఎర్రటి కళ్ళు. చూడ్డానికి ఏమంత బాగుండేది కాదు. గొంతు మరీ బొంగురు. పైగా వచ్చీ రాగానే పాడేది కాదు. చనిపోయినవారి ఇంటివాళ్ళ పక్కన కూర్చుని, "ఏమంటే ఇష్టం తనకి? దేనికి పోట్లాడేది మీతో?" అని అడిగేది. అన్నీ విన్నాక పాట ఎత్తుకునేది. మధ్యలో గొంతు పూడుకుపోతే ఇంటివాళ్ళు వంత అందుకునేవారు. అందరూ ఏడ్చేవారు. ఆ తర్వాత ఇంటికెళ్ళి అన్నం తిన్నట్టు కడుపారా మేత మేసేవారు.

ఆ అడవిలోనే సొగసయ్య అనే నక్క ఉండేవాడు. తేనె, పళ్ళు కష్టపడకుండా ఎలా వస్తాయా అన్నదే వాడి ఆలోచన. వాడు పసిడి అనే పడుచు గోరింకను చేరదీశాడు. పసిడి ఏ కూత విన్నా ఇట్టే పట్టేసేది. సొగసయ్య కోకిల దగ్గర కొంత, పికిలిపిట్ట దగ్గర కొంత ఏరి ఒక పాట అతికించాడు. మోదుగపూల రంగు పసిడి రెక్కలకు పూశాడు. కొండగుహ ముందు నిలబెట్టి పాడించాడు. గుహ ఆ గొంతును తీసుకుని పదింతలు చేసి పంపింది.

అడవి అడవంతా మురిసిపోయింది. "ఇదీ పాటంటే! ఆ అవ్వది గొంతా, కుండలో గులకరాళ్ళా?" అన్నారు. చావు ఎవరింట్లో జరిగినా పసిడికే కబురు, పాటకు బదులు తేనె, పళ్ళు సొగసయ్యకు. ఎవరికైనా అదే పాట. ఒక్క పలుకు అటూ ఇటూ కాదు. అంకాలవ్వను పిలిచేవాళ్ళే లేకపోయారు.

ఆ వానాకాలంలో చెంగి అనే తల్లిజింక బిడ్డ వాగులో కొట్టుకుపోయింది. చెంగి అంకాలవ్వ కోసం బయలుదేరింది. సొగసయ్య దారికి అడ్డం వచ్చాడు.

"పసిబిడ్డకు ఆ బొంగురు గొంతేంటమ్మా? అడవంతా చెప్పుకునేలా జరిపిస్తాను. నీ బిడ్డకు ఆ మాత్రం చెయ్యవా?"

ఆ మాటకు తల్లి మనసు కరిగిపోయింది. సరేనంది.

పసిడి పాడింది. అందరూ "ఆహా!" అన్నారు. చెంగి వంత పాడదామని నోరు తెరిచింది. సొగసయ్య ఆమె మూతి మీద పంజా పెట్టాడు. "ష్! పాట చెడిపోతుంది." చెంగి నోరు మూసుకుంది. నాకైతే ఆ పంజాను కొరికెయ్యాలనిపిస్తుంది ఇప్పటికీ.

తెల్లారేసరికి చెంగి పడుకున్న చోటు చుట్టూ చిన్ని గిట్టల అచ్చులున్నాయి. పక్కన గడ్డి అణిగి ఉంది. తడిగా, చల్లగా ఉంది.

చెంగి భయపడలేదు. సంతోషించింది. "నా చిన్నోడు పాలకొచ్చాడు," అంది. ఆ చల్లటి గడ్డి మీదే ఒరిగి పడుకుంది. ఇక అక్కడినుంచి కదలలేదు. మేతకు పోలేదు. రోజురోజుకీ ఎముకలు బయటపడ్డాయి. "ఇలాగే ఉంటే నువ్వూ పోతావే," అని తోటి జింకలు మొత్తుకున్నాయి. "పోనీ," అంది చెంగి.

మెల్లగా దోన నిండా వలయాలు లేవసాగాయి. గాలి లేదు, చేప లేదు, నీళ్ళు మాత్రం కదులుతూనే ఉన్నాయి. జంతువులు హడలిపోయి అటువైపు రావడం మానేశాయి. గుహ ముందు పాట వినడానికి వచ్చేవాళ్ళూ తగ్గారు.

ఒక సాయంత్రం సొగసయ్య విసుక్కున్నాడు. "ఒక్కడైనా రాలేదు చూడు!"

పసిడి తెల్లబోయింది. "అదేంటి? బయలంతా నిండిపోయి ఉన్నారుగా!"

నిజంగానే ఆమెకు కనిపిస్తున్నారు. మంచులో వరసలు వరసలుగా కూర్చున్నారు. ఎవరూ తోక ఆడించడం లేదు. ఎవరూ దగ్గడం లేదు. ముందు వరసలో ఒక జింకపిల్ల ఉంది. దాని ఒంటినుంచి నీళ్ళు కారుతున్నాయి. కానీ కింద నేల తడవడం లేదు. పసిడి వాళ్ళను గుర్తుపట్టింది. అందరికీ తనే పాడింది.

జింకపిల్ల తల ఎత్తింది. "అక్కా, పాటలో నా పేరు ఎప్పుడొస్తుంది?"

"మేమూ దానికోసమే కూర్చున్నాం తల్లీ," అంది వెనకనుంచి ఒక ముసలి కుందేలు.

పసిడి ముక్కు తెరిచింది. ఏ పేరూ రాలేదు. ఎవరినీ ఎప్పుడూ అడగలేదు మరి. రివ్వున ఎగిరిపోయింది.

"పోతే పో! పాట నాకూ వచ్చు," అని సొగసయ్య గుహ ముందు నిలబడి తనే ఎత్తుకున్నాడు. పాడాడు కదా, ఇప్పుడు వాడికీ కనిపించారు. వరసలు లేచాయి. దగ్గరకొచ్చాయి. "మా పేర్లేవి?" అని మెల్లగా, మర్యాదగా అడిగాయి. సొగసయ్య ఒక్కో అడుగూ వెనక్కి వేశాడు. వెనక గుహ ఉంది. గుహలో చీకటి ఉంది. ఆ తర్వాత వాడిని ఎవరూ చూడలేదు. మంచు పట్టిన సాయంత్రాలు ఆ గుహ లోపలినుంచి ఒక పాట వినిపిస్తుందని అంటారు. చాలా తియ్యగా ఉంటుందట. ఎప్పుడూ అదే పాటట.

పసిడి అంకాలవ్వ ముందు వాలి బోరుమంది. "అవ్వా, నావల్ల వాళ్ళంతా ఆగిపోయారు. నువ్వు రా!"

అవ్వ ఒక్క మాట కూడా దెప్పలేదు. వచ్చి చెంగి పక్కన, ఆ చల్లటి గడ్డి మీదే కూర్చుంది.

"ఏమని పిలిచేదానివే బిడ్డని?"

"గున్నడు," అంది చెంగి. "గునగునా నడిచేవాడు. ఉసిరాకంటే ప్రాణం. ఉరిమితే నా పొట్టకిందకి దూరేవాడు. వాగు దగ్గరకు పోవద్దురా అంటే విన్లేదు అవ్వా! ఎన్నిసార్లు చెప్పాను! విన్లేదు!"

అవ్వ పాట ఎత్తుకుంది. అదే బొంగురు గొంతు. ఉసిరాకు వచ్చింది పాటలో. ఉరుము వచ్చింది. తల్లి కోపం వచ్చింది. గున్నడి పేరు దగ్గరకు వచ్చేసరికి అవ్వ గొంతు పూడుకుపోయింది. పక్కన పసిడి ఉంది, కానీ అందుకోలేదు. ఆ చోటు ఎవరిదో ఆమెకు తెలిసింది. తల వంచుకుని ఆగింది.

"గున్నా!" అని చెంగి గొంతెత్తింది. "పో నాయనా, ఇక పో! అమ్మ బాగానే ఉంటుంది." అప్పుడు తోటి జింకలన్నీ వంత కలిపాయి. పసిడి కూడా కలిపింది. ఏడుపుతో ఆమె గొంతు మొదటిసారి బొంగురుపోయింది.

చెంగి పక్కన గడ్డి మెల్లగా పైకి లేచింది. చెంగి దాన్ని మూతితో తడిమింది. వెచ్చగా ఉంది. చాలాసేపు ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, అన్ని రోజుల తర్వాత మొదటిసారి ఆ గడ్డినే ఒక పరక కొరికింది. మర్నాటి నుంచి అవ్వా పసిడీ ఇంటింటికీ వెళ్ళి, మిగిలినవాళ్ళ పేర్లూ అడిగి, పాడి సాగనంపారు.

నీతి: తీపి గొంతులన్నీ పాటలు కావు, మన దుఃఖం అడిగి తెలుసుకుని, మనతో కలిసి ఏడ్చే గొంతే పాట.