ఆగిపోయిన ఆరు వాక్యాలు

వహీద్ ఏడేళ్ల తర్వాత గురువు దగ్గరికి వచ్చాడు. వచ్చేసరికే మనిషి సగమయ్యాడు.

దేశదేశాల కంప్యూటర్లకు ఒక కట్టుబాటు ఉండాలని జరిగిన పెద్ద సభలో, ముసాయిదా రాసే బృందానికి అతను పెద్ద. యుద్ధం వచ్చినా సరే, ఏ దేశమూ ఇంకో దేశపు ఆసుపత్రుల కంప్యూటర్ల జోలికి పోకూడదని అందులో ఒక చిన్న భాగం ఉండేది. దాన్ని అందరూ ఒప్పుకున్నారు. మిగతా రెండు వందల పేజీల మీదే తగువులు తెగలేదు. సభ చెదిరిపోయింది.

కిందటి నెల ఎక్కడో ఒక ద్వీపంలో, ఆసుపత్రి కంప్యూటర్లన్నిటినీ ఎవరో ఒక్కసారిగా ఆపేశారు. ఎవరికి ఏ మందో, ఎవరిది ఏ రక్తమో చెప్పే తెరలు నల్లబడ్డాయి. పదకొండు మంది పోయారు. వాళ్లలో ఇద్దరు బాలింతలు.

గురువు ఖాదర్ షా, దర్గా వాకిట్లో చాప మీద కూర్చుని ఉన్నారు. వహీద్ సలాం చేసి, సంచిలోంచి కాగితాల కట్ట తీసి ఎదురుగా పెట్టాడు. సభ సంగతీ, ద్వీపం సంగతీ చెప్పి, రాబోయే కాలం మూడు తీర్లుగా ఉండొచ్చని చెప్పుకొచ్చాడు. దేశాలన్నీ ఒకే చట్టం కిందికి రావచ్చు. లేదా జట్లు కట్టి, మధ్యలో గోడలు లేపుకోవచ్చు. అదీ కాకపోతే ఎవరికి వారే, బలమున్నవాడిదే రాజ్యం.

"ఈ మూడిట్లో ఏది వస్తుంది బాబా?"

ఆసుపత్రుల మాట ఏ కాగితంలో ఉందో చూపమన్నారు ఖాదర్ షా. వహీద్ తీసి చదివాడు. ఆరు వాక్యాలు.

"దీనికి అడ్డం చెప్పిందెవరు?"

"ఎవరూ లేరు."

"మరెందుకు ఆగింది?"

ఈ ఒక్కటైనా ముందు పంపుదామని తోటివాళ్లు బతిమాలారని, తను సంతకం పెడితే చాలు, అది సభ ముందుకు వెళ్లేదని వహీద్ మెల్లగా చెప్పాడు.

"సగం పని మీద నా పేరు ఉండకూడదనుకున్నాను బాబా."

ఖాదర్ షా ఆ ఒక్క కాగితాన్ని కట్టలోంచి వేరు చేసి అతని ముందు పరిచారు. గాలికి లేవకుండా ఒక అంచును అరచేత్తో నొక్కిపట్టి, కలం అందించారు.

"సంతకం పెట్టు."

"ఇప్పుడు పెడితే చెల్లదు బాబా."

"తెలుసు నాయనా. పెట్టు."

వహీద్ పెట్టాడు. రెండు క్షణాలు పట్టింది. కలం తిరిగి ఇవ్వబోతే ఖాదర్ షా పుచ్చుకోలేదు.

"కింద ఇవాళ్టి తారీఖు కూడా వెయ్యి," అన్నారు.

వహీద్ కలాన్ని కాగితానికి ఆనించాడు. ఆ పదకొండు మంది పోయింది కిందటి నెల. ఒక్క అంకె కూడా రాయలేకపోయాడు.