వేదాద్రి కట్టిన మడి

దగ్గరికి జరగండమ్మా. ఆ స్తంభాలకు ఆనుకున్న అయ్యలూ, మీరూ ముందుకు రండి. ఫోన్లు సంచుల్లో పడుకోబెట్టండి, పాపం వాటికీ కాస్త విశ్రాంతి. స్వామి దయవల్ల ఇవాళ ఒక శిష్యుడి విసుగు గురించి చెబుతాను. విసుగులో భక్తేముంది అంటారేమో! విసుగు పుట్టనివాడికి గురువుతో పనేముంది చెప్పండి?

గుండ్లకమ్మ ఒడ్డున గోవర్ధనస్వామివారి ఆశ్రమం. ఎవరేం అడిగినా నోటితో జవాబు చెప్పే అలవాటు స్వామివారికి లేదు. "చూద్దాం పద" అని లేచేవారు, అంతే. ఆయన శిష్యుడు వేదాద్రి, మీసాలు నెరవడం మొదలైన మనిషి. చెవిన పడిన పురాణం మనసులో అచ్చుపడిపోయేది. పుస్తకం తెరిస్తే మాత్రం అక్షరాలు పుట్ట కదిలిన చీమల్లా అయ్యేవి. ఒంగోలు డాక్టరమ్మ పరీక్ష చేసి, దీన్ని డిస్లెక్సియా అంటారు, తెలివికీ దీనికీ సంబంధం లేదు, నెమ్మదిగా ఒక్క పని మీదే ఉండి చదువుకోండి అంది. ఒక్క పని మీద! ఆశ్రమంలో!

ఏకాదశి సాయంత్రం పారాయణం వేదాద్రే చేయాలని స్వామివారి ఆజ్ఞ. పారాయణమంటే పుస్తకం చూసి చదవాలన్నది అక్కడి నియమం. అందుకని విస్తరాకు ముక్క ఒకటి పంక్తి కింద ఆనించి, పదం పదం వేలితో నడిపించుకుంటూ సాధన చేసేవాడు. వాక్యం సగానికి వచ్చేసరికి, "వేదాద్రీ, గది తాళాలు!" ఇచ్చి వచ్చి మళ్ళీ మొదటికి. ఫోను మోగుతుంది, ఎవరో అన్నదానానికి బియ్యం పంపిస్తారట. మళ్ళీ మొదటికి. "వేదాద్రీ, విసనకర్ర ఏదోయ్?" ఇది సాక్షాత్తూ స్వామివారు. మళ్ళీ మొదటికి.

పైగా సలహాలు. ఒకరు సరస్వతి ఆకు నమలమంటారు, ఒకరు బెండకాయ తినమంటారు. ఆశ్రమ ధర్మకర్త పానకాలరావుగారైతే చెవిదగ్గర ఫోను తియ్యకుండానే, "మనసు నిలపాలయ్యా! నన్ను చూడు, ఫోన్లో మాట్లాడుతూనే పేపరంతా చదివేస్తాను" అన్నారు.

"ఏం చదివారు ఇవాళ?" అన్నాడు వేదాద్రి.

"అదే... హెడ్డింగులు."

ఏకాదశి ముందురోజు పొద్దున్న వేదాద్రి పుస్తకం తెచ్చి స్వామివారి ముందు పెట్టేశాడు. "ఇక నావల్ల కాదు స్వామీ. రేపు ఇంకెవరి చేతనైనా చదివించండి. అందరికీ పది పనుల మధ్య కూడా చదువు సాగుతుంది. నాకు ఒక్క పిలుపు చాలు, వాక్యమంతా చెదిరిపోతుంది. ఈ జన్మకు ఏకాగ్రత రాదా నాకు? చూద్దాం పద అనకండి, చెప్పండి!"

"చూద్దాం పద" అన్నారు స్వామివారు.

ఇద్దరూ వెళ్ళి వంటశాల గడప దగ్గర నిలబడ్డారు. లోపల కనకవల్లమ్మగారు మడి కట్టుకుని నైవేద్యం వండుతున్నారు. మడి మీద మీలో ఎవరికి ఏ అభిప్రాయమున్నా సరే, ఆ ఆశ్రమంలో కట్టుబాటు ఇదీ: మడిలో ఉన్న మనిషిని తాకకూడదు, పని ముగిసేదాకా పలకరించనూ కూడదు. కరివేపాకు తెచ్చినామె దూరంగా పెట్టి వెళ్ళిపోయింది. కూతురు ఫోను చేస్తే, "మీ అమ్మ మడిలో ఉందమ్మా, తర్వాత చెయ్యి" అని బయటివాళ్ళే పెట్టేశారు. కాఫీ కోసం వచ్చిన పానకాలరావుగారు గడప దాకా వచ్చి, నాలుక కరుచుకుని, తనంతట తానే వెనుదిరిగారు. పరమాన్నంలో గరిటె మాత్రం ఆగకుండా తిరుగుతోంది.

"కనకవల్లికి మంచి ఏకాగ్రత, కదూ?" అన్నారు స్వామివారు.

వేదాద్రికి ఒళ్ళు మండింది. "ఉండదా మరి స్వామీ! ఊరంతా కాపలా కాస్తుంటే?"

స్వామివారు గడప దగ్గర్నుంచి వెనుదిరిగారు. "స్నానం చేసి మడి కట్టుకురా" అన్నారు. వచ్చాక వరండాలో పీట వేయించి, పుస్తకం ముందుంచి, చుట్టూ ముగ్గుపిండితో గీత గీయించారు. "ఇతను మడిలో ఉన్నాడు. అధ్యాయం ముగిసేదాకా ఎవరూ పలకరించకూడదు."

"చదువుకు మడేమిటండీ, విడ్డూరం కాకపోతే!" అన్నారు పానకాలరావుగారు. అననైతే అన్నారు గాని గీత దాటలేదు. తాళాలూ, ఆశ్రమం ఫోనూ ఆయన ఒళ్ళోనే పడ్డాయి.

వేదాద్రి చదివాడు. మొదటి వాక్యం చివరిదాకా వెళ్ళింది. దాని వెనకే రెండోదీ. అక్షరాలు బుద్ధి తెచ్చుకున్నాయని కాదమ్మా, వాటి అల్లరి వాటిదే. జారిపోయిన పదాన్ని వెతికి పట్టుకునే వ్యవధి ఇతనికి దొరికింది, అంతే. అధ్యాయం చివర్లో ఒక కొండంత సమాసం వచ్చింది. దాన్ని సగం విప్పుకున్నాడో లేదో,

"వేదాద్రీ, నా చేతికర్ర ఇలా అందుకోవోయ్!"

స్వామివారే! ఒక పాదం ముగ్గుగీత మీద, ఒక చెయ్యి శిష్యుడి భుజం మీదికి. పరీక్షో, అలవాటో, ఆ దేవుడికే ఎరుక.

వరండా అంతా బిగుసుకుపోయింది. పలక్కపోతే గురుధిక్కారం. పలికితే ఆ సమాసం మళ్ళీ మొదటికి, రేపటి పారాయణం వేరొకరికి. వేదాద్రి చెవులు ఎర్రబడ్డాయి. తల మాత్రం ఎత్తలేదు. కుడిచేతి వేలు పదం మీదే ఉంచి, ఎడమ అరచెయ్యి గురువుగారికి అడ్డం పెట్టాడు.

"హవ్వ! స్వామివారికే అడ్డమా!" అన్నారు పానకాలరావుగారు.

వేలు కదిలింది. సమాసం దాటింది, వాక్యం దాటింది, అధ్యాయం ముగిసింది. అప్పుడు లేచి వేదాద్రి సాష్టాంగపడ్డాడు. గొంతులో భయం ఉంది, విసుగూ ఇంకా పోలేదు. "అపరాధం స్వామీ. కానీ అందరికంటే ఎక్కువ పిలిచేది తమరే!"

స్వామివారు పిండి అంటిన పాదాన్ని చూసుకున్నారు. మెల్లిగా వెనక్కి తీసుకుని, వెళ్ళి తన చేతికర్ర తానే వెతుక్కున్నారు.

"రేపు సాయంత్రం గీత ఇంకాస్త పెద్దది గీయించు నాయనా" అన్నారు. "నాలాంటి వాళ్ళు చాలామంది వస్తారు."

అమ్మా, అయ్యా, ఈ కథలో మీరు గుర్తుంచుకోవలసిన పని ఒక్కటే. ఇంట్లో ఎవరి వేలైనా అక్షరం మీద ఉంటే, ఆ వేలు లేచేదాకా పిలవకండి. ఇవాళ చేయండి, రేపు మళ్ళీ చేయండి.